ఏపీఐ మాస్టర్ టెస్ట్ కిట్ రివ్యూ: కొత్త తొట్టిలో చేపలు వరసగా పోతున్నాయా? ముందు ఇది చదవండి

అక్వేరియం కొత్తగా పెట్టి, తెచ్చిన చేపలు తెచ్చినట్టే పోతుంటే "ఇక నా వల్ల కాదు, తొట్టి ఎవరికైనా ఇచ్చేస్తా" అనేదాకా వచ్చిన వాళ్ళ కోసం ఈ రివ్యూ. ఇంకో జత చేపలు కొనకముందు ఏపీఐ ఫ్రెష్‌వాటర్ మాస్టర్ టెస్ట్ కిట్ కొనండి (ఏపీఐ అనేది కంపెనీ పేరు, తొట్టి నీళ్ళలో ఏముందో చుక్కలు వేసి రంగు చూసి తెలుసుకునే కిట్ ఇది). నేను కొన్నేళ్ళుగా వాడుతున్నాను, మా ఇంటి తొట్టికే కాదు, చుట్టాల ఇళ్ళకీ సంచిలో వేసుకుని పట్టుకెళ్తుంటాను. ఖరీదు ఎక్కువే, దీనితో కానివి కూడా కొన్ని ఉన్నాయి, అవీ చెప్తాను. అయినా కొత్తవాళ్ళకి ఫిల్టర్ తర్వాత ఇంతగా పనికొచ్చే వస్తువు నాకు ఇంకోటి కనపడలేదు.

ముందు ఒక మాట. చేపలు పోయాయంటే మీకు చేతకాదని కాదు. మీ చెయ్యి మంచిది కాదనీ కాదు (ఈ మాట అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, పట్టించుకోకండి). చేప తిన్నది అరిగాక మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది, తినకుండా మిగిలిన మేత కుళ్ళి ఇంకాస్త కలుపుతుంది. ఆ మోతాదులో దానికి వాసన రాదు, రంగు ఉండదు, నీళ్ళు అద్దంలా తేటగా కనపడతాయి. పాత తొట్టిలో అయితే ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద బతికే బాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది చాలా ఎక్కువైతే తప్ప పెద్దగా హాని చేయదు. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఇంకా లేవు, అంతే. అవి తగినంత పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత పుస్తకాల్లో ఆ రెండో రకాన్ని నైట్రోబాక్టర్ అని రాసేవారు, 1998లో వచ్చిన ఒక పరిశోధనతో మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేవి నైట్రోస్పైరా జాతివని తేలింది. పేరు ఏదైనా అవి నెమ్మదిగా పెరిగే రకం. మేత కుళ్ళబెట్టే మామూలు బాక్టీరియా గంట లోపే రెట్టింపు అవుతాయి, వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది. మీరెంత ఆత్రపడినా ఆ లెక్క మారదు.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువులు చేసే వాళ్ళెవరైనా తెలిస్తే అడిగి చూడండి. నీళ్ళ శాంపిల్ ల్యాబ్‌కి పంపి అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) ఎంతున్నాయో చూసుకుని మేత తగ్గించాలా, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువసేపు వేయాలా అని నిర్ణయించుకోవడం అక్కడ రోజువారీ పని. ఎకరాల చెరువుకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు అరవై లీటర్ల గాజు తొట్టికి అవసరం లేదని మనం ఎలా అనుకుంటాం? తక్కువ నీళ్ళు కాబట్టి ఇక్కడ విషం ఇంకా త్వరగా చేరుతుంది.

ఇక కిట్. ఏడు చిన్న సీసాలు, నాలుగు గాజు ట్యూబులు, రంగుల కార్డు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఎక్కువ పీహెచ్, ఇలా ఐదు పరీక్షలు చేసుకోవచ్చు. 800కి పైగా పరీక్షలు వస్తాయని పెట్టె మీద ఉంటుంది. అమ్మోనియాకి ట్యూబులో గీత దాకా, అంటే 5 మి.లీ. తొట్టి నీళ్ళు పోసి, మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగితే రంగు వస్తుంది. పసుపు అంటే సున్నా, పచ్చదనం పెరిగేకొద్దీ అమ్మోనియా పెరిగినట్టు. నైట్రైట్‌కి ఒకటే సీసా, 5 చుక్కలు, లేత నీలం ఉంటే క్షేమం, ఊదా అయితే ప్రమాదం. చుక్కలు వేసేటప్పుడు సీసాని నిటారుగా తలకిందులుగా పట్టుకోండి, వాలుగా పడితే చుక్క సైజు మారిపోతుంది.

ఎక్కువమంది తప్పు రీడింగ్ తెచ్చుకునేది నైట్రేట్ పరీక్షలో. దాని రెండో సీసాలో పదార్థం అడుగుకి దిగి గట్టిపడి ఉంటుంది. వేసే ముందు ఆ సీసాని 30 సెకన్లు బలంగా ఊపాలి, చుక్కలు వేశాక ట్యూబుని పూర్తిగా ఒక నిమిషం ఊపాలి. చాలా రోజులు వాడకుండా ఉంచితే నేను ముందు సీసాని బల్ల మీద నాలుగు సార్లు తట్టి మరీ ఊపుతాను. ఇది సరిగా చేయకపోతే నైట్రేట్ ఉన్నా పసుపే చూపిస్తుంది, "ఇన్ని వారాలైనా నా తొట్టిలో బాక్టీరియా రాలేదు" అని మీరు అనవసరంగా బెంగపడతారు.

కూకట్‌పల్లిలో మా పిన్ని కొడుకు రెండడుగుల తొట్టి పెట్టాడు. ముందు గోల్డ్‌ఫిష్ పోయాయి, తర్వాత గప్పీలు పోవడం మొదలైంది. నేను వెళ్ళేసరికి రెండు గప్పీలు పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ట్యూబులో నీళ్ళు తీస్తుంటే "అన్నా, ఇంత తేటగా ఉన్నాయి కదా, ఇందులో ఏముంటది?" అన్నాడు. చుక్కలు వేసి బాల్కనీలో వెలుతురుకి పట్టుకుని కూర్చున్నాం. ఐదు నిమిషాలు కాకముందే ఆకుపచ్చ తిరిగింది, కార్డు పక్కన పెడితే 4 పీపీఎం (అంటే లీటరుకి 4 మిల్లీగ్రాములు) గడికి సరిపోయింది. వాడి మొహం చూడలేకపోయాను. నిజానికి వాడు ఆ తొట్టి కోసం చాలా కష్టపడుతున్నాడు. చేపలు కొన్న చోట ఎవరో చెప్పారట, ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తీసేసి, రాళ్ళూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద బాగా రుద్ది కడగమని. వాడు శ్రద్ధగా అదే చేస్తున్నాడు, అంటే అప్పుడప్పుడే పుడుతున్న బాక్టీరియాని వారం వారం కడిగి పారేస్తున్నాడన్నమాట. ఈ సలహా ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. దయచేసి వినకండి. స్పాంజి మరీ జిగటగా అయినప్పుడు, తొట్టిలోంచి తీసిన నీళ్ళే బకెట్లో పోసి అందులో రెండుసార్లు పిండి పెట్టేయండి, చాలు.

ఆ రోజు మూడో వంతు నీళ్ళు మార్చాం, మర్నాడు మళ్ళీ అంతే. మేత రెండు రోజులకోసారి, అదీ చిటికెడు. మా ఇంటి ఫిల్టర్‌లోంచి స్పాంజి ముక్క ఒకటి కోసి, తడి ఆరకుండా కవర్లో పెట్టి ఇచ్చాను. బాక్టీరియా త్వరగా రావాలంటే ఇంతకు మించిన దారి లేదు, మీకూ బాగా నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితులుంటే మొహమాటపడకుండా అడగండి (వాళ్ళ చేపలకి జబ్బేమీ లేదని చూసుకుని). కొన్నాళ్ళకి అమ్మోనియా దిగింది కానీ నైట్రైట్ ముదురు ఊదా చూపించింది. "ఇంకా విషమే కదన్నా" అని ఫోన్ చేశాడు. అదే శుభవార్త అని చెప్పాను. నైట్రైట్ వచ్చిందంటే మొదటి రకం బాక్టీరియా పని మొదలుపెట్టాయన్నమాట, ఇక రెండో రకం రావాలి. చాలామంది ఈ దశలోనే విసిగిపోయి తొట్టి ఖాళీ చేస్తారు, సగం దారి దాటేశామని వాళ్ళకి తెలియదు. కిట్ ఉంటే తెలుస్తుంది. ఈ కిట్ మీద నాకున్న అభిమానమంతా దీనివల్లే. ఏమవుతుందో తెలియని ఎదురుచూపు మనిషిని తినేస్తుంది. రోజూ రంగు కొంచెం కొంచెంగా మారుతుండటం కళ్ళతో చూస్తుంటే ఆ నాలుగైదు వారాలూ ఓపికగా గడిచిపోతాయి.

నైట్రైట్ ఎక్కువున్న రోజుల్లో చేపలు అలా ఉపరితలానికి వచ్చి ఆయాసపడుతుంటే నీళ్ళు మార్చడంతో పాటు, అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకి ఒక గ్రాము దాటకుండా కరిగించి పోయొచ్చు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల్లోంచి నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. గప్పీలూ మోలీలూ బాగానే తట్టుకుంటాయి.

పీహెచ్ పరీక్ష దేనికని అడుగుతుంటారు. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి బాగా విషం, ఇంకోటి తక్కువ హాని చేసేది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషపు భాగం దాదాపు పదింతలవుతుంది, నీళ్ళు వేడెక్కినా పెరుగుతుంది. ఈ కిట్ రెండిటినీ కలిపే చూపిస్తుంది, కాబట్టి అదే 0.5 పీపీఎం పీహెచ్ తక్కువున్న మెత్తటి నీళ్ళలో (లవణాలు తక్కువున్నవి) ఒక రకం, మే నెల ఎండల్లో మన బోరు నీళ్ళలో ఇంకో రకం. హైదరాబాద్‌లో చాలా బోర్ల నీళ్ళు గట్టి నీళ్ళే (లవణాలు ఎక్కువున్నవి), పీహెచ్ కూడా ఎక్కువగానే ఉంటుంది. మామూలు పీహెచ్ పరీక్ష 7.6 దగ్గర ఆగిపోతుంది, అది బాగా ముదురు నీలం చూపిస్తే ఎక్కువ పీహెచ్ సీసాతో మళ్ళీ చూడండి. అలాగని పీహెచ్ తగ్గించే మందులు పోయకండి, గప్పీ, మోలీ, ప్లాటీలకి గట్టి నీళ్ళే ఇష్టం. మీ నీళ్ళకి సరిపడే చేపల్ని ఎంచుకుంటే సగం టెన్షన్ ఉండదు.

ఇంకోటి, తొట్టి నీళ్ళే కాదు, మీ కుళాయి నీళ్ళు కూడా ఒకసారి పరీక్షించండి. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్ళలో ముందే నైట్రేట్ ఉంటుంది, అలాంటప్పుడు ఎన్ని నీళ్ళు మార్చినా తొట్టిలో ఆ అంకె కిందికి దిగదు, మీరేదో తప్పు చేస్తున్నారనుకుంటారు. అక్కడ మనీప్లాంట్ తీగ వేళ్ళు నీళ్ళలో మునిగేలా, ఆకులు బయట ఉండేలా పెట్టి చూడండి, నైట్రేట్‌ని బాగా లాగేస్తుంది.

ఇప్పుడు కిట్‌తో ఉన్న చిక్కులు. సున్నాకీ 0.25కీ మధ్య రంగు తేడా చాలా తక్కువ, ట్యూబ్‌లైట్ కింద అసలు పోల్చుకోలేం. పగటి వెలుతురులో, ట్యూబుని కార్డులోని తెల్లటి భాగానికి ఆనించి చూడాలి. అనుమానంగా ఉంటే పక్కన ఇంకో ట్యూబులో తాగే ఆర్‌ఓ నీళ్ళతో అదే పరీక్ష చేసి రెండూ పోల్చండి, తేడా ఇట్టే తెలుస్తుంది. నీళ్ళ గట్టిదనం కొలిచే పరీక్ష ఇందులో లేదు, క్లోరిన్‌ది కూడా లేదు. మున్సిపల్ నీళ్ళు వాడేవాళ్ళు ఈ కిట్ అన్నీ బాగున్నాయని చెప్పినా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా నీళ్ళు మార్చకూడదు, క్లోరిన్ చేపల మొప్పల్నీ బాక్టీరియానీ రెండిటినీ దెబ్బతీస్తుంది. ఇక ఆ సీసాల్లో ఉన్నవి ఘాటైన రసాయనాలు. మూత బదులు వేలు అడ్డం పెట్టి ఊపొద్దు, పరీక్ష అయ్యాక సింకులో పోసేయండి, తొట్టిలో కాదు, పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.

చవకగా వస్తాయని కాగితం స్ట్రిప్పులు కొంటారు చాలామంది. పాత తొట్టికి అప్పుడప్పుడు చూసుకోడానికి పర్లేదు కానీ, ఐదారు గడులున్న మామూలు స్ట్రిప్పుల్లో చాలావాటిలో అమ్మోనియా ఉండదు. కొత్త తొట్టికి ముఖ్యంగా కావాల్సింది అదే.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చి, నైట్రేట్ కనపడుతుంటే తొట్టి సిద్ధమైనట్టే. అప్పుడు కూడా ఒకేసారి పది చేపలు తేకండి, రెండు మూడు తెచ్చి, వారం పాటు పరీక్షిస్తూ ఉండి, అంకెలు కదలకపోతే మళ్ళీ తెండి. రాత్రి చప్పుడొస్తోందని ఫిల్టర్ ఆపేయడం అస్సలు వద్దు, ఆ బాక్టీరియాకీ గాలి కావాలి. కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్ళలో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ధర విషయానికొస్తే, దిగుమతి సరుకు కాబట్టి కొన్ని వేలు అవుతుంది, అమ్మేవాళ్ళని బట్టి తేడా కూడా బాగా ఉంటుంది, రెండు మూడు చోట్ల చూసి తీసుకోండి. అంత పెట్టలేమనుకుంటే ఇదే కంపెనీ అమ్మోనియా పరీక్ష ఒక్కటీ విడిగా దొరుకుతుంది, మొదట అది కొని, తర్వాత నైట్రైట్‌ది కొనండి. లేదా మీ అపార్ట్‌మెంట్‌లోనో ఆఫీసులోనో తొట్టి ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కిట్ తీసుకోండి, అన్ని పరీక్షలు ఒక్క తొట్టికి ఎలాగూ అవసరం పడవు. అలా చేతులు మారేటప్పుడు మాత్రం ట్యూబులు సబ్బు లేకుండా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి ఇవ్వండి, తీసుకున్నవాళ్ళు పరీక్షించబోయే నీళ్ళతోనే ఒకసారి తొలిచి వాడండి, లేకపోతే ముందటి తొట్టి మరకలు తర్వాతి రీడింగ్‌లోకి వచ్చేస్తాయి.