లైడెన్ ఐఐఏఎస్, ఐకాస్ సదస్సు: ఆసియా పరిశోధకులకు ఎంత ఉపయోగం?

ఆసియా అధ్యయనాల్లో ఉన్నవాళ్లకి ఐకాస్ (ఇంటర్నేషనల్ కన్వెన్షన్ ఆఫ్ ఏషియా స్కాలర్స్) పేరు కొత్త కాదు. 1998లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ అంతర్జాతీయ సదస్సు ఆ తర్వాత బెర్లిన్, సింగపూర్, షాంఘై, మకావ్, చియాంగ్ మై లాంటి ఊళ్లు తిరిగింది. నడిపించేది నెదర్లాండ్స్‌లోనే లైడెన్‌లో ఉన్న ఐఐఏఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఏషియన్ స్టడీస్). సిమ్లాలో అవే పొడి అక్షరాలతో ఉన్న సంస్థ వేరు, దరఖాస్తు పంపేముందు చూసుకోండి.

సొంత ప్యానెల్‌తో, అంటే ఒకే అంశం మీద పేపర్లు చదివే జట్టుతో వెళ్తే సదస్సు గిట్టుబాటు అవుతుంది. ఒంటి పేపర్‌తో వెళ్తే చాలావరకు టికెట్ ఖర్చే మిగులుతుంది. విడిగా వచ్చిన పేపర్లను నిర్వాహకులే జత కలుపుతారు. సారాంశంలో 'వలస' అన్న మాట కనిపిస్తే చాలు, బర్మా శరణార్థుల పేపర్ పక్కన గల్ఫ్ నర్సుల పేపర్ వచ్చి కూర్చుంటుంది. పేపర్ల మీద వ్యాఖ్యానించే చర్చకుడికి రెండింటినీ కలిపే దారం దొరకదు. ఒకే సమయంలో ఎన్నో గదుల్లో సెషన్లు నడుస్తాయి కాబట్టి వినేవాళ్లూ పలచనే.

అందుకే పేపర్లు పంపమన్న ప్రకటన రాకముందే నలుగురిని కూడగట్టాలి. ఒకే విభాగం నుంచి ఇద్దరు వద్దు. చర్చిస్తున్న దేశంలోనే పనిచేసే పరిశోధకులు ఒకరైనా ఉండాలి. గంటన్నర సెషన్ అనుకుంటే, నలుగురు పదిహేనేసి నిమిషాలు మాట్లాడితే గంట గడిచిపోతుంది, చర్చకుడికి పది పోతే ప్రశ్నలకి మిగిలేది ఇరవై. పన్నెండు నిమిషాలకే కోసుకోవడం మేలు. పేపర్లు చర్చకుడికి మూడు వారాల ముందే చేరాలి, లేకపోతే ఆయన మీ శీర్షిక మీదే మాట్లాడతాడు. సారాంశంలో మొదటి రెండు వాక్యాల్లోనే ఏ ఊరు, ఏ కాలం, ఏ ఆధారాలు అన్నది తేలిపోవాలి. 'పరిశీలిస్తుంది', 'చర్చిస్తుంది' అంటూ సాగి ఏం తేలిందో చెప్పనివే ఎక్కువగా వెనక్కి వస్తాయి.

వీసా దగ్గర చాలామంది దెబ్బతింటారు. 2024 సదస్సు ఇండోనేషియాలోని సురబాయాలో, ఎయిర్‌లంగా విశ్వవిద్యాలయంలో జరిగింది. అంత దూరం వెళ్లాం కదా, పనిలో పనిగా నాలుగు ఇంటర్వ్యూలు చేసుకుందాం అనుకుంటే ఇబ్బందే. అక్కడ విదేశీయులు క్షేత్ర పరిశోధన చేయాలంటే బ్రిన్ అనే జాతీయ సంస్థ అనుమతి, స్థానిక భాగస్వామి సంస్థ రెండూ కావాలి. సదస్సుకి వెళ్లే వీసా దానికి చాలదు. మన దగ్గరా తేలికేం కాదు. 2018లో ఢిల్లీలో అమెరికాలోని ఆసియా అధ్యయనాల సంఘం (ఏఏఎస్) నిర్వహించిన ఏఏఎస్-ఇన్-ఏషియా సదస్సుకి పాకిస్తాన్ పరిశోధకులకి వీసాలు దక్కలేదు. ప్యానెల్‌లో ఎవరెవరి పాస్‌పోర్ట్ ఏ దేశానిదో ముందే చూసుకోవడం ఇందుకే.

మా లెక్కలో సదస్సు కన్నా లైడెన్‌లో ఉండి పరిశోధన చేసుకునే ఐఐఏఎస్ ఫెలోషిప్ విలువైనది, పోటీ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. 'లైడెనే ఎందుకు' అన్న ప్రశ్నకి జవాబు సరిగా లేని దరఖాస్తు నిలవదు. అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దక్షిణాసియాకి కెర్న్ ఇన్‌స్టిట్యూట్ సేకరణ ఉంది. ఇండోనేషియాకి కేఐటీఎల్‌వీ అనే డచ్ పరిశోధన సంస్థ సేకరణ ఉంది, అది 2014లో ఈ గ్రంథాలయానికి చేరింది. బలమంతా ఇండోనేషియా వైపే ఎక్కువ, దక్షిణాసియా వాళ్లు ఆ తేడా తెలిసి వెళ్లాలి. కోరమాండల్ తీరం మీద పనిచేసేవాళ్లకి మాత్రం అసలు గని పక్క ఊళ్లో ఉంది: రైల్లో పావుగంట దూరంలో హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్. డచ్ ఈస్టిండియా కంపెనీ దస్త్రాల సేకరణ సంఖ్య 1.04.02. మచిలీపట్నం, పులికాట్ వర్తక స్థావరాల ఉత్తరాలు అందులోవే. అయితే 17వ శతాబ్దపు డచ్ చేతిరాత చదవడం రాకుండా వెళ్తే తొలి నెలలు అక్షరాలు కూడబలుక్కోవడానికే పోతాయి. డచ్ భాష, పాత లిపి నేర్చుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

ఐఐఏఎస్ నుంచి ఏడాదికి మూడుసార్లు వచ్చే 'ది న్యూస్‌లెటర్' పత్రిక ఉచితం, తెప్పించుకోండి. ఐకాస్ పుస్తక బహుమతుల్లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకీ విడిగా చోటుంది. డిగ్రీ చేతికొచ్చాక గడువు తేదీ చూసుకుని పంపితే పోయేదేమీ లేదు.