పాత చెక్క సామాన్ల పనిలో కథ చెప్పడం: ఏళ్ళ తరబడి వాడి చూశాక

పాత కుర్చీలు, బల్లలు, బీరువాలు బాగుచేసి ఇవ్వడం నా వృత్తి. చేతికింద మనుషులు తక్కువ, ప్రకటనలకి డబ్బు పెట్టే స్తోమత ఇంకా తక్కువ. అందుకే కొటేషన్‌లో, వాట్సాప్‌లో, సామాను అప్పజెప్పే రోజున, కస్టమర్‌తో మాట్లాడే ప్రతిచోటా కథ చెప్పడాన్ని ఒక పద్ధతిగా పెట్టుకుని చాలా ఏళ్ళుగా వాడుతున్నాను. ఈ పద్ధతి గురించి అందరూ చెప్పే సలహాల్లో సగం మాలాంటి చిన్న వ్యాపారాలకి పనికిరావు. మిగతా సగం నా పనికి వెన్నెముక అయింది.

పనికిరానిది ముందు చెప్పేస్తాను. వ్యాపారం ఎలా మొదలుపెట్టాం, ఎన్ని కష్టాలు పడ్డాం, మా ఆశయం ఏమిటి, ఇలా సాగే 'మా ప్రయాణం' కథ చదివి పని ఇచ్చినవాళ్ళు నాకు తగల్లేదు. వచ్చినవాళ్ళ మనసంతా ఇంట్లో విరిగిపడున్న కుర్చీ మీదే ఉంటుంది. మాట్లాడాల్సింది దాని గురించే.

నాకు బాగా అక్కరకొచ్చిన చోటు కొటేషన్. మామూలుగా అందులో 'కాలు బిగింపు, పాలిష్, కూలి' అని రాసి ఎదురుగా అంకె వేస్తారు. ఆ అంకె చూడగానే బేరం మొదలవుతుంది. నేను అంకెకి ముందు నాలుగు వాక్యాలు రాస్తాను. 'ఈ కుర్చీని మొదట సరేసు జిగురుతో (జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసేది) అతికించారు. అది ఎండి పట్టు వదిలింది. తర్వాత ఎవరో వదులైన కాలికి మేకులు కొట్టారు. మేకు చుట్టూ చెక్క చీలింది, ఇప్పుడు మేకు తీసి, చీలిక పూడ్చి, అతుకు విప్పి మళ్ళీ అతికించాలి.' అంతే. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇక ఏం జరగాలి అన్నది వరసగా ఉంటుంది. అన్ని రోజులు ఎందుకు పడుతుందని అడిగేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. బేరం పూర్తిగా ఆగలేదు, ఆగాలని కూడా నేను అనుకోను. కానీ ఇప్పుడు 'పాలిష్ వద్దులెండి, అతుకు మాత్రం గట్టిగా చేయండి' అని పనిని అర్థం చేసుకుని తగ్గించమంటున్నారు. అలాంటి బేరం నాకు ఇష్టం. సరేసు వేడికీ తేమకీ మెత్తబడుతుంది కాబట్టి పాత అతుకుని చెక్క విరక్కుండా విప్పొచ్చని చెబితే, అదే జిగురు వాడమని వాళ్ళే అడుగుతారు.

వానాకాలంలో సొరుగులు బిగుసుకుపోవడం కూడా ఇలాంటిదే. చెక్క తేమ పీలిస్తే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మార్పుండదు. ఈ సంగతి ముందే చెప్పి, ఇప్పుడు చెక్కేస్తే ఎండాకాలంలో సొరుగు వదులై గలగలమంటుంది, గాలి పొడిబారేదాకా ఆగండి అంటాను. ఆ రోజుకి పని పోతుంది. మనిషి మాత్రం మళ్ళీ వస్తారు.

ఒకావిడ పాత రాతబల్ల తెచ్చారు. సొరుగు కింది పలక వదులైంది. బయటికి లాగి తిరగేస్తే అడుగున పెన్సిల్‌తో వేసిన కొలతలు కనిపించాయి. ఒక లెక్క అడ్డంగా కొట్టేసి, పక్కనే ఇంకోటి, కిందో గీత. బల్ల చేసిన వడ్రంగి చేతిరాత అయ్యుండాలి. ఫోటో తీసి పంపిస్తూ, 'మీ బల్ల చేసినాయన ఇక్కడ ఒకసారి ఆగి మళ్ళీ కొలుచుకున్నట్టున్నారు. ఈ సొరుగు వెడల్పు సరిగ్గా రెండో లెక్కతోనే కలుస్తోంది' అని రాశాను. ఆ ఫోటో వాళ్ళ బంధువులందరి ఫోన్లకీ వెళ్ళింది. పాలిష్ చేసేటప్పుడు ఆ పక్క మాత్రం ముట్టుకోవద్దని ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పారు. తర్వాత అదే కుటుంబం నుంచి బీరువా వచ్చింది, ఆ తర్వాత ఒక మంచం వచ్చింది.

ఇలా చెప్పింది ఎందుకు గుర్తుంటుందో తెలియజెప్పే పాత పరిశోధన ఒకటుంది. 1969లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో గోర్డన్ బోవర్, మైకల్ క్లార్క్ అనే మనస్తత్వ పరిశోధకులు కొందరు విద్యార్థులకి పదేసి మాటల జాబితాలు 12 ఇచ్చారు. ఒక్కో జాబితాని కథగా అల్లుకున్నవాళ్ళకి చివర్లో 93 శాతం మాటలు గుర్తున్నాయి, ఊరికే చదివి నేర్చుకున్నవాళ్ళకి 13 శాతమే. నా కొటేషన్ చదివినవాళ్ళు ఇంటికెళ్ళి మేకుల సంగతి పొల్లుపోకుండా ఇంట్లోవాళ్ళకి చెప్పగలగడంలో నాకు ఆశ్చర్యం లేదు.

2009లో మొదలైన ఇంకో ప్రయోగాన్ని ఈ విషయం మాట్లాడేవాళ్ళు తరచూ ఎత్తుతారు. రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే ఇద్దరు మొత్తం 129 డాలర్ల దాకా పెట్టి చవక వస్తువులు కొని, ఒక్కోదానికి రచయితల చేత కథ రాయించి ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో అమ్మితే 3,600 డాలర్లకు పైగా వచ్చాయి. కథకి విలువ పెంచే శక్తి ఉందన్నది నిజమే. కానీ అవి కల్పితమని కొనేవాళ్ళకి దాచకుండా చెప్పారు, ఆ సంగతి వదిలేసి ఉదాహరణ ఇస్తారు. మన వ్యాపారంలో కల్పించడం మోసం. ఈ బల్ల ఎప్పటిదని అడిగితే, చెక్క, అతుకు, మేకు చూసి చెప్పగలిగినంతే చెబుతాను. రంగు కొట్టి పాతదిగా చూపించి దానికో గతం అంటగట్టేవాళ్ళంటే నాకు పట్టరాని కోపం.

ఏళ్ళ మీద నాకు అన్నిటికన్నా లాభించింది ఒక ప్రశ్న. 'ఎప్పుడు పాడైంది?' అంటే ఒక్క ముక్కలో జవాబొస్తుంది. 'దీన్ని ఎక్కువగా ఎవరు వాడేవారు?' అంటే మాట సాగుతుంది. ఒకాయన కుర్చీ తెచ్చి, వాళ్ళ నాన్నగారు మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ దాని ఎడమ చేతి మీదే బరువు మోపి లేస్తారని చెప్పారు. కుడిపక్క అతుకు గట్టిగానే ఉంది, ఎడమది పైకి బాగున్నట్టే కనిపించినా లోపల అరిగిపోయింది. ఆ మాట వినకపోతే నేను దాన్ని విప్పేవాణ్ణి కాదు. ఇలా విన్నవి ఎవరికైనా చెప్పాలంటే, ఫోటో పెట్టాలంటే ముందు అడుగుతాను. పోయినవాళ్ళ జ్ఞాపకాలైతే అసలు అడగను, అవి నా దగ్గరే ఉండిపోతాయి.

నప్పని చోట్లూ ఉన్నాయి. రేపటికల్లా కావాలని వచ్చినవాళ్ళకి రేటు, టైము చెప్పి ఊరుకోవాలి. ఆఫీసు కుర్చీలు గుంపుగా పంపే సంస్థలకి పట్టిక చాలు, నా వాక్యాలు వాళ్ళు చదవరు. సమయం కూడా తింటుంది. ఒక్కో కొటేషన్‌కి మామూలుకన్నా చాలాసేపు పడుతుంది, రద్దీ ఎక్కువున్న నెలల్లో అది భారమే. పనిలో నాణ్యత లేకపోతే ఇదంతా ఇంకా చేటు. అంత వివరంగా చెప్పి కాలు మళ్ళీ ఊగితే, ఊరికే ఊగినదానికన్నా ఎక్కువ చెడ్డపేరు వస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీడియోల జోలికి పోకుండా, తరవాత రాయబోయే ఒక్క కొటేషన్‌తో మొదలుపెట్టండి. అంకెకి పైన, ఆ వస్తువుకి ఏమైందో నాలుగు వాక్యాల్లో మామూలు మాటల్లో రాయండి. పక్కన పాడైన చోటు ఫోటో ఒకటి, దగ్గర్నుంచి తీసింది, చాలు.