క్లూనీ: లేని చర్చిని చూడ్డానికి వెళ్లాలా?

ఫ్రాన్స్‌లోని బర్గండీకి చాలామంది వైన్ కోసం వెళ్తారు. మేం వెళ్లింది హ్యూ అనే మఠాధిపతి కోసం. ఈయన పాతికేళ్ల వయసులో, 1049లో, క్లూనీ మఠానికి పెద్దయ్యాడు. 1109లో చనిపోయేదాకా అరవై ఏళ్లు అక్కడే. సన్యాసులకు సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమం ప్రకారం నడిచే మఠాలను క్లూనీ కిందకి తెచ్చి యూరప్ అంతటా పెంచాడు. 1077లో ఇటలీలోని కనోస్సా కోటలో పోప్‌కీ జర్మనీ రాజు నాలుగో హెన్రీకీ రాజీ కుదిర్చినవాళ్లలో ఒకడు. బాప్తిస్మంలో హెన్రీకి జ్ఞానతండ్రి కూడా ఈయనే.

ముందే చెప్తున్నా, క్లూనీలో మిగిలింది తక్కువ. 1088లో హ్యూ మొదలుపెట్టిన చర్చి పొడవు 187 మీటర్లు. రోమ్‌లో కొత్త సెయింట్ పీటర్స్ లేచేదాకా క్రైస్తవ లోకంలో అదే పెద్దది. ఫ్రెంచి విప్లవం తర్వాత అమ్మేస్తే, కొన్నవాళ్లు రాళ్ల కోసం పడగొట్టుకుంటూ పోయారు. దక్షిణం పక్క కొంత భాగం, దానిమీద ఎనిమిది పలకల గోపురం నిలిచాయి. మిగతాది స్క్రీన్ల మీద చూసుకోవాలి. నాకైతే పాత ధాన్యపు కొట్టులో ఉంచిన చెక్కడపు స్తంభశీర్షాలే బాగా నచ్చాయి. టికెట్టు మ్యూజియానికీ పనికొస్తుంది. అన్నట్టు, మన క్యాథలిక్కులు నవంబర్ 2న చేసే సమాధుల పండుగకి ఆ తేదీ వచ్చింది ఇక్కడినుంచే. హ్యూకి ముందు మఠాధిపతిగా ఉన్న ఒదిలో అనే ఆయన పెట్టాడు.

హ్యూ కట్టించిన ఆ చర్చి ఎలా ఉండేదో తెలియాలంటే పారె-లె-మొనియాల్ అనే ఊరు వెళ్లండి. అదే పద్ధతిలో చిన్నగా కట్టిన బసిలికా చెక్కుచెదరకుండా ఉంది. ఇంకా మంచిది బెర్జే-లా-విల్ అనే ఊరు. హ్యూ విశ్రాంతికి వచ్చే చోటు అది. అక్కడి ప్రార్థనాలయంలో సున్నం కింద దాగిన కుడ్యచిత్రాలు 1887లో బయటపడ్డాయి. నీలం నేపథ్యంలో పేతురుకి చుట్టిన రాతప్రతి అందిస్తున్న క్రీస్తు బొమ్మ ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. నన్నడిగితే, ఒక్కటే చూసే టైముంటే ఇదే చూడమంటాను. తెరిచే వేళలు మాత్రం ముందే కనుక్కోండి.

పారిస్ నుంచి మాకోన్-లోషే స్టేషన్ దాకా టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) హాయిగా ఉంటుంది. తర్వాతే టెన్షన్. క్లూనీ వెళ్లే బస్సు తప్పితే తర్వాతిదానికి చాలాసేపు ఆగాలి, బెర్జేకి కారుంటేనే సుఖం. బస క్లూనీలోనే నయం, అన్నీ నడిచే దూరం. మేం దిగిన గెస్ట్‌హౌస్ గది శుభ్రమే కానీ మెట్లు నిటారు, పెద్దవాళ్లకి కష్టం. శాకాహారులకు మేక చీజ్, సలాడ్, బ్రెడ్డే గతి. పచ్చడి సీసా వెంట ఉంటే బతికిపోతారు.