పిల్లలున్న ఇంట్లో తుపాకీ సేఫ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

నేను పోటీల్లో పాయింట్ 22 పిస్తోలు కాలుస్తాను. మా ఆయనకు వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి ఉంది. పెద్దవాడు తప్పటడుగులు వేస్తున్నప్పటి నుంచి ఆరో తరగతికి వచ్చిన ఇప్పటి దాకా ఈ రెండూ ఇంట్లోనే ఉన్నాయి. వాడి తర్వాత పాప పుట్టింది. ఈ కాలంలో పిస్తోలుకు మూడు రకాల సేఫ్‌లు (తాళం వేసే గట్టి పెట్టెలు) వాడాం: వేలిముద్రతో తెరుచుకునేది, అంకెల కీప్యాడ్‌ది, బ్యాటరీ అక్కర్లేని మెకానికల్ బొత్తాలది. ఇప్పుడు పిస్తోలు మెకానికల్ సేఫ్‌లో ఉంటుంది, కీప్యాడ్ సేఫ్‌ను తూటాలకు కేటాయించాం, వేలిముద్రదాన్ని వాడటం మానేశాం. ఎందుకో వివరంగా రాస్తాను. కొనేవాళ్లు ధర, సైజు చూసి ఆగిపోతున్నారు. అసలు చూడాల్సింది ఆ పెట్టె ఎన్ని దారుల్లో తెరుచుకుంటుందో, ఆ దారుల్లో ఏవి పిల్లలకు అందుతాయో.

"మా పిల్లలకు గట్టిగా చెప్పాం, ముట్టుకోరు" అనే మాట చాలామంది నోట విన్నాను. పిల్లల వైద్యుల పత్రిక పీడియాట్రిక్స్‌లో 2001లో వచ్చిన ఒక అధ్యయనం చదివాక ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరేసి, ముగ్గురేసి చొప్పున ఒక గదిలో కూర్చోబెట్టి, అద్దం అవతలి నుంచి గమనించారు. సొరుగులో పేలే వీలు లేకుండా చేసిన నిజమైన పిస్తోలు ఉంచారు. 29 బృందాల్లో 21 బృందాలకు అది దొరికింది. వాటిలో 16 బృందాలు చేతిలోకి తీసుకున్నాయి, 10 బృందాల్లో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. అలా పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో 90 శాతానికి పైగా అంతకుముందే తుపాకీ జాగ్రత్తల గురించి విన్నవాళ్లే. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో, తుపాకీ ఎక్కడుందో పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాటకు విరుద్ధంగా, తెలుసని వాళ్ల పిల్లలే చెప్పారు. అందుకే మా ఇంట్లో తాళాన్ని ఎంచేటప్పుడు పిల్లల బుద్ధిమంతనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మా వాడు బుద్ధిమంతుడే. అయినా పదేళ్ల వాడికి స్నేహితుడు పక్కన ఉంటే ఎంత ధైర్యం వస్తుందో ఏ తల్లికైనా తెలుసు.

మొదట వేలిముద్ర సేఫ్ సంగతి. దుకాణంలో చూపించినప్పుడు వేలు ఆనించగానే మూత లేచింది, ముచ్చటేసింది. ఇంట్లో వాడకం వేరుగా ఉంది. తుపాకీ శుభ్రం చేసిన నూనె చేతికి ఉన్నా, అంట్లు తోమి వేళ్లు నానినా, చలికాలంలో చర్మం పొడిబారినా నా వేలినే గుర్తుపట్టదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అది మొరాయించినప్పుడల్లా పక్కనున్న చిన్న రబ్బరు మూత తీసి అత్యవసర తాళంచెవితో తెరవాలి. అలా ఆ తాళంచెవి రోజూ అవసరమయ్యే వస్తువైపోతుంది. రోజూ అవసరమయ్యే వస్తువును ఎవరైనా చేతికందేచోటే పెట్టుకుంటారు. వేలిముద్ర ఎంత గొప్పదైనా, బీరువాలో చీరల కింద ఉన్న ఆ తాళంచెవి ఎంత భద్రమో సేఫ్ కూడా అంతే భద్రం. పిల్లలకు చీరల కింద వెతకడం కొత్త కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ రకం సేఫ్‌లలో కొన్ని, యజమాని వేలిముద్ర నమోదు చేసేదాకా ఏ వేలికైనా తెరుచుకునేలా కర్మాగారం నుంచే వస్తాయి. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం దాదాపు 61,000 వేలిముద్ర సేఫ్‌లను వెనక్కి పిలిపించింది. నమోదు చేయని వేళ్లకు కూడా అవి తెరుచుకుంటున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఒక పన్నెండేళ్ల బాలుడి మరణం కూడా ఆ ప్రకటనలో ఉంది. ఈ రకం సేఫ్ మీ ఇంట్లో ఉంటే, తుపాకీని వేరేచోట తాళం వేసి ఉంచి, ఖాళీ పెట్టె మీద నమోదు చేయని వేళ్లన్నీ ఆనించి చూడండి. మా చెల్లెలు వచ్చినప్పుడు ఆమె పది వేళ్లూ పెట్టి చూశాం. తెరుచుకోలేదు. అయినా తాళంచెవి చిక్కు తీరలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాం.

కీప్యాడ్ సేఫ్ అంతకంటే మెరుగు. నాలుగంకెల కోడ్‌కు పదివేల అమరికలు ఉంటాయి, వరుసగా కొన్ని తప్పులు నొక్కితే కొంతసేపు మొరాయించి కూర్చుంటుంది. చూడటానికి ఇది చాలనిపిస్తుంది. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం కిటికీ వెలుతురు వాలుగా పడుతున్నప్పుడు కీప్యాడ్‌ను చూశాను. నాలుగు బొత్తాలు మాత్రమే నున్నగా, జిడ్డుగా మెరుస్తున్నాయి. మిగతా ఆరింటి మీద సన్నటి దుమ్ము. ఏ నాలుగు అంకెలో తెలిసిపోతే పదివేల అమరికలు 24కు పడిపోతాయి. అప్పటి నుంచి ఆరంకెల కోడ్ పెట్టి, తరచూ మారుస్తూ, తెరిచిన ప్రతిసారీ పొడిగుడ్డతో పది బొత్తాలూ తుడుస్తున్నాను. ప్రతి నొక్కుకూ వచ్చే "కీచు" శబ్దాన్ని కూడా ఆపేశాం. పక్క గదిలో ఉన్న పిల్లలకు ఎన్ని అంకెలో లెక్కపెట్టడం చిటికెలో పని.

చవక కీప్యాడ్ సేఫ్‌లలో ఇంకో లోపం ఉంటుంది. లోపల స్ప్రింగు మీద నిలిచే చిన్న పిన్ను ఒక్కటే గడియను ఆపుతుంది. పెట్టెను కాస్త ఎత్తి వదిలినా, పైన గట్టిగా చరిచినా అది క్షణంపాటు కిందికి జారి తలుపు ఊడివస్తుంది. చిన్నపిల్లల బలం కూడా సరిపోయే సేఫ్‌లు ఉన్నాయి. కొన్న రోజునే ఖాళీ పెట్టెను అన్ని వైపులా తిప్పి, చరిచి, కుదిపి చూడాలి. తెరుచుకుంటే వెనక్కి ఇచ్చేయాలి. మాది ఈ పరీక్షలో నిలిచింది. కానీ రేకు పలచన, మూత మూలను రెండు చేతులతో లాగితే సన్నటి సందు పడుతుంది. తూటాలకు కేటాయించింది అందుకే. బ్యాటరీలు ఆల్కలైన్‌వే వాడండి, ఎర్రలైటు వెలిగేదాకా ఆగకండి.

ఇక మెకానికల్ తాళం. ఐదు బొత్తాలు, ఒక పిడి. బొత్తాలను ఒక వరుసలో నొక్కాలి, కావాలంటే రెండింటిని ఒకేసారి నొక్కేలా కోడ్ పెట్టుకోవచ్చు. మొత్తం అమరికలు వెయ్యి పైచిలుకు. కీప్యాడ్‌తో పోలిస్తే తక్కువే. పైగా ఎన్నిసార్లు తప్పు నొక్కినా అది మొరాయించదు, ఓపికున్న పిల్లవాడు గంటలకొద్దీ ప్రయత్నించవచ్చు. ఇది దీని అసలు బలహీనత, దాచను. దీనికి మా విరుగుడు ఏమిటంటే, సేఫ్ ఉన్న గది కూడా తాళం వేసే ఉంటుంది, పిల్లలు అక్కడ ఒంటరిగా ఉండరు. అయినా దీన్నే ఎందుకు నమ్ముతున్నానంటే, మేం కొన్న మోడల్‌కు అత్యవసర తాళంచెవే లేదు. పోగొట్టుకోవడానికీ, దొరకడానికీ ఏమీ లేదు. కోడ్ నా తలలో ఉంది, మా ఆయన తలలో ఉంది. బ్యాటరీ లేదు, కరెంటు అవసరం లేదు, చీకట్లో వేలి స్పర్శతోనే తెరవవచ్చు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొండికేయలేదు. పిడి తిప్పినప్పుడు వచ్చే ఆ బరువైన "టక్" శబ్దం విన్నాక గానీ నేను గది దాటను. మూశాక పిడిని మళ్లీ ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకోండి. కొన్ని మోడళ్లలో పిడి పూర్తిగా వెనక్కి రాకపోతే తాళం పడినట్టు కనిపించి పడదు.

ఏ సేఫ్ అయినా నేలకో గోడకో బిగించకపోతే ఉపయోగం సగమే. చిన్న పెట్టెను చంకలో పెట్టుకుని పోవచ్చు, మంచం కిందకు లాక్కెళ్లి తీరిగ్గా ప్రయత్నించవచ్చు. మాది నాలుగు బోల్టులతో కాంక్రీటులోకి బిగించి ఉంది. బోల్టు తలలు లోపలి వైపు ఉంటాయి కాబట్టి మూసి ఉన్నప్పుడు బయటి నుంచి విప్పలేరు.

లోపలి స్పాంజి పరుపు తేమను పీల్చి పట్టుకుంటుంది. మొదటి వానాకాలంలోనే పిస్తోలు స్లయిడ్ (వెనక్కి లాగే పై భాగం) మీద గోధుమరంగు చుక్కలు వచ్చాయి. పరుపు తీసేసి, సిలికా జెల్ సంచి పెట్టి, పలుచగా నూనె రాయడం మొదలుపెట్టాక మళ్లీ రాలేదు.

సేఫ్ ఎంత మంచిదైనా, అందులోకి వెళ్లే తుపాకీ ఖాళీగా ఉండాలి, తూటాలు వేరేచోట తాళంలో ఉండాలి. 2005లో జామా వైద్య పత్రిక ప్రచురించిన ఒక అధ్యయనం పిల్లల, యువతీయువకుల ఆత్మహత్యలను, పొరపాటు కాల్పులను కలిపి చూసింది. తుపాకీకి తాళం వేసిన ఇళ్లలో ముప్పు 73 శాతం, ఖాళీగా ఉంచిన ఇళ్లలో 70 శాతం, తూటాలకు తాళం వేసిన చోట 61 శాతం, వాటిని వేరుగా ఉంచిన చోట 55 శాతం తక్కువగా కనిపించింది. అందుకే నాలుగూ పాటిస్తున్నాం. పిస్తోలు ఖాళీ చేసేటప్పుడు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) ముందు తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ వెనక్కి లాగాలి. వరుస తారుమారైతే బయటికి వచ్చిన తూటా స్థానంలో మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే అరలోకి, ఎక్కుతుంది. స్లయిడ్ వెనక్కి ఆపి, కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడుముతాను. డబుల్ బ్యారెల్ అయితే మడిచి, రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనిపించేలా చూడాలి.

కేబుల్ తాళం సేఫ్‌కు ప్రత్యామ్నాయం కాదు, తోడు. పిస్తోలు లోపలి నుంచి తీగ దూరి ఉంటే స్లయిడ్ మూసుకోదు, తూటా ఎక్కదు, చూడగానే ఖాళీ అని తెలుస్తుంది. ట్రిగ్గర్‌ను కప్పి బిగించే ట్రిగ్గర్ తాళం మాత్రం నాకు నచ్చలేదు. తూటా ఉన్న తుపాకీకి దాన్ని ఎన్నడూ వేయకూడదు. వేసేటప్పుడే ట్రిగ్గర్ కదిలిపోవచ్చు.

పాప ఒకసారి సేఫ్ ముందు చతికిలబడి, "అమ్మా, ఇందులో ఏముంది?" అని అడిగింది. "నా పిస్తోలు. చూడాలనిపిస్తే నన్ను అడుగు, నేనే చూపిస్తాను" అన్నాను. అడిగినప్పుడల్లా ఖాళీగా ఉందని మళ్లీ చూసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను. ఎక్కడైనా తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా గది దాటి వచ్చి పెద్దవాళ్లకు చెప్పాలని ఇద్దరికీ నేర్పాం. స్నేహితుల ఇళ్లకు పంపే ముందు వాళ్లింట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని నేరుగా అడుగుతాను. ఇప్పటి వరకు ఎవరూ నొచ్చుకోలేదు.

పెద్దవాడు ఎదిగే కొద్దీ నా ఆలోచన ఆటబొమ్మ అనుకునే వయసు నుంచి మనసు కుంగే వయసు వైపు మళ్లుతోంది. ఇంట్లో ఎవరు దిగులుగా, చెప్పలేని బాధలో ఉన్నా ఆ రోజులకు తుపాకీ ఇంట్లో ఉండకూడదని మేమిద్దరం ముందే మాట్లాడుకున్నాం. చట్టం అనుమతించే చోట, మా షూటింగ్ క్లబ్ లాకర్‌లో పెట్టేస్తాం, కోడ్‌లన్నీ మారుస్తాం. అలాంటి సమయంలో ఏ తాళమూ దూరానికి సాటి రాదు.

డబుల్ బ్యారెల్ ఉన్న పొడవాటి అలమరకు మాత్రం ఇంకా తాళంచెవి తాళమే ఉంది. ఆ చెవి ప్రస్తుతం తూటాల సేఫ్ లోపల ఉంటోంది. వచ్చే నెలలో ఆ అలమరకు కూడా బొత్తాల తాళం బిగించబోతున్నాం.