మేడ మీద గదా, పెరట్లో షెడ్డా?

మగవాళ్లకు హాబీ కోసం విడిగా చోటెందుకంటే, నా లెక్కలో అసలు కారణం ఒక్కటే: సగం చేసిన పనిని సగంలోనే వదిలేసి వెళ్లొచ్చు. హాల్లో రేడియో విప్పుకుని కూర్చుంటే భోజనాల వేళకి అన్నీ ఎత్తేయాలి. ఎత్తేశాక ఏ స్క్రూ ఎక్కడిదో మళ్లీ వెతుక్కోవాలి. ఆ చిరాకుతోనే చాలామంది మానేస్తారు.

శ్రీకాకుళంలో మేడ మీద గదికి గాలీ వెలుతురూ బాగుంటాయి. కానీ ఎండలో కాగిన శ్లాబు రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. వేసవిలో తెల్లవారుజామునే కూర్చోవాలి. సుత్తి పనైతే కింద పడుకున్నవాళ్లకి నరకం.

చెక్కపనికి పెరటి షెడ్డే నయం. పొట్టు అక్కడే ఊడ్చేయొచ్చు, పనస దుంగని మెట్లెక్కించక్కర్లేదు. రేకులతోనే జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లే కూలిపోయాయి, రేకులెంత? ఇనుప పైపులకి హుక్కు బోల్టులతో గట్టిగా బిగించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఉలి, రంపం తుప్పుపడతాయి. పని కాగానే తుడిచి నూనె రాయాలి.

రేడియో, వాచీ రిపేర్లకి, బొమ్మలు గీయడానికి మేడే మేలు. మిగతావాటికి నా ఓటు షెడ్డుకే. కిటికీ మాత్రం ఇంటివైపు పెట్టించండి, పిలిస్తే వినపడాలి.