గ్రీకు దీవుల మధ్య ఫెర్రీ ప్రయాణం: నెమ్మదిగా వెళ్ళే పెద్ద షిప్పుకే నా ఓటు

ఏథెన్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ కొన్నేళ్ళుగా ఏజియన్ సముద్రంలో ఫెర్రీల మీద తిరుగుతున్నాను, ఎండాకాలమూ చలికాలమూ అని లేకుండా. మనవాళ్ళెవరైనా సాంటోరినీకి వస్తున్నామంటే ముందు అడిగేది ఏ పడవ బుక్ చెయ్యాలనే. టైముంటే పెద్ద షిప్పు ఎక్కండి, హై స్పీడ్ పడవల జోలికి పోకండి.

హై స్పీడ్ అయితే ఏథెన్స్ రేవు పిరెయస్ నుంచి సాంటోరినీకి ఐదు గంటలు, పెద్ద షిప్పుకి ఏడున్నర, ఎనిమిది. ఆ తేడాకి టికెట్ ధర ఒక్కోసారి రెట్టింపు దాకా పోతుంది. డబ్బు సంగతి అలా ఉంచినా, వాటిలో చాలావరకు బయటికొచ్చి గాలి పీల్చుకునే డెక్కు ఉండదు, తలుపులు మూసిన ఏసీ హాల్లో నంబరేసిన సీట్లో కూర్చోవాలి, సముద్రం కాస్త పోటెత్తిందంటే వరసకి ఇద్దరు వాంతులు చేసుకుంటుంటే సిబ్బంది కవర్లు పట్టుకుని పరుగులు పెడుతుంటారు. ఒక ఆగస్టులో అలాంటి పడవ కోసం నీడ లేని రేవులో గంటల తరబడి నిలబడ్డాం. ఎందుకు లేటో చెప్పే నాథుడే లేడు.

పెద్ద షిప్పులో మామూలు టికెట్ తీసుకుంటే సీటు నంబరుండదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవచ్చు. ఉదయం ఏడు దాటాక పిరెయస్‌లో బయల్దేరే బ్లూ స్టార్ కంపెనీ షిప్పు నాకు బాగా ఇష్టం. కాస్త ముందుగా ఎక్కితే వెనకవైపు పైడెక్కులో బెంచీ దొరుకుతుంది. పారోస్, నాక్సోస్‌లో ఆగుతూ పోతుంది. నాక్సోస్ రేవులోకి వస్తుంటే డెక్కు మీంచే పోర్తారా కనిపిస్తుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట మొదలుపెట్టి పూర్తి చెయ్యని అపోలో గుడి పాలరాతి ద్వారబంధం అది. అది చూడడం కోసమైనా లోపలి సీట్లోంచి లేవండి. సాంటోరినీ దగ్గరికొచ్చాక ఎడమవైపు నిలబడాలి, షిప్పు ఉత్తరం నుంచి కాల్డెరాలోకి, అంటే అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన సముద్రపు గుంతలోకి, దిగుతుంది కాబట్టి ఇయా, ఫిరా ఊళ్ళూ, వాటి కింద నల్లగా ఎర్రగా పొరలు పొరలుగా ఉన్న కొండ అంచూ అటే ఉంటాయి. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం బద్దలై కుంగిపోయిన చోటు మధ్యలోంచి మనం పోతున్నామన్న సంగతి ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఒళ్ళు జలదరింపే.

దిగడం మాత్రం హడావిడి. రేవు వస్తోందని మైకులో చెప్పగానే అందరూ మెట్లు దిగి కింద లారీలు, కార్లు ఉండే గ్యారేజీలోకి చేరతారు. డీజిల్ వాసన, ఇంజను మోత, చెమట. దీవి పేరు రాసిన అరల్లో ఎక్కేటప్పుడు పెట్టిన లగేజీ వెతుక్కోవాలి. షిప్పు లంగరు వేసి వెనక్కి నడుస్తూ రేవుకి ఆనుతుంది, ఇంకా కదులుతుండగానే వెనక తలుపు గొలుసుల మీద కిర్రుమంటూ దిగడం మొదలవుతుంది, ఆ సందులోంచి ముందు ఎండ, తర్వాత గట్టు మీద నిలబడ్డ జనం కాళ్ళు కనిపిస్తాయి. ఒడ్డున ఉన్నవాడికి తాడు విసిరి కట్టించుకున్నారో లేదో, మనుషులూ మోటార్‌సైకిళ్ళూ లారీలూ ఒకేసారి దూకుతాయి. ఆగేది కొద్ది నిమిషాలే. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే అరగంట ముందే తయారవ్వండి.

ఇక గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి వీస్తుంది, ఆకాశం నిర్మలంగా ఉన్నా సముద్రం తెల్లటి నురగలతో లేస్తుంది. సాధారణంగా గాలి బలం కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 8, అంటే గంటకి 60 కిలోమీటర్లు దాటిన గాలి ఉంటే పోర్టు పోలీసులు పడవల్ని ఆపేస్తారు, హై స్పీడ్ వాటిని అంతకన్నా ముందే. 2000 సెప్టెంబరులో ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఫెర్రీ గాలివాన రాత్రి పారోస్ దగ్గర రాళ్ళకి కొట్టుకుని మునిగి 80 మందికి పైగా పోయారు. అందుకే, పడవ ఆపేశారని కోపం తెచ్చుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారు, లేదా తర్వాతి పడవ ఎక్కిస్తారు. కానీ విమానం మాత్రం మీకోసం ఆగదు, కాబట్టి తిరుగు విమానానికి ముందురోజు రాత్రికే ఏథెన్స్‌లో ఉండేట్టు ప్లాన్ చేసుకోండి. ఈ ఒక్కటి పాటిస్తే టెన్షనే ఉండదు.

తిండి గురించి: షిప్పులో కాఫీ బాగుంటుంది, మిగతావి ఖరీదు. శాకాహారులకి చీజ్ పెట్టిన తిరోపిత, పాలకూర పెట్టిన స్పనకోపిత ఎక్కడైనా దొరుకుతాయి. సాంటోరినీలో దిగాక ఫావా అడగండి, ఆలివ్ నూనె పోసిన మన ముద్దపప్పే అనిపిస్తుంది.

పిరెయస్ చాలా పెద్ద రేవు, టికెట్ మీద గేటు నంబరు తప్పకుండా చూసుకోండి. 2022 అక్టోబరు నుంచి విమానాశ్రయం మెట్రో నేరుగా అక్కడికి వస్తోంది, సుమారు గంట పడుతుంది. సాంటోరినీ, నాక్సోస్ ఉన్న సైక్లడీస్ దీవుల వైపు పడవలు చాలావరకు స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంటాయి, రోడ్స్ దీవి వైపువి మాత్రం ఈ1 గేటు దాకా పోవాలి, లగేజీతో నడవకుండా రేవులోని ఉచిత బస్సు ఎక్కండి.

ఇంకొంచెం ఓపికుంటే నాక్సోస్ నుంచి ఎక్స్‌ప్రెస్ స్కోపెలిటిస్ అనే చిన్న పడవెక్కి ఇరాక్లియా, స్కినూసా, కూఫోనీసి మీదుగా అమోర్గోస్ వెళ్ళండి. బాగా ఊగుతుంది, వికారం వచ్చేవాళ్ళు అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. ఆ దీవులకి విమానాశ్రయాల్లేవు, మందులూ కూరగాయలూ బడి పంతుళ్ళూ అందరూ పడవల మీదే రావాలి. పక్క సీట్లో ముసలావిడ నాక్సోస్ ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ ఉండొచ్చు. ఆవిడకి కిటికీ పక్క చోటివ్వండి, మీరు డెక్కు మీదికి రండి.