లండన్ ట్రిప్పు: రూముకి దండగ, చిజ్విక్ పడవలకి దండం

ముందు రూము సంగతి కక్కేస్తాను, లేకపోతే మిగతాది ప్రశాంతంగా రాయలేను. ఎర్ల్స్ కోర్ట్ దగ్గర రాత్రికి 112 పౌండ్లకి ఫ్యామిలీ రూమ్ అని బుక్ చేశాం. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు అడ్డంగా పట్టదు. మా బావకి మోకాళ్ళ నొప్పులు, ఆయన రెండో అంతస్తు మెట్ల మీదే కూలబడి నా టీ ఇక్కడికే పంపించండర్రా అన్నాడు. అదైనా సర్దుకున్నాం గానీ, అక్క గుంటూరు నుంచి కట్టుకొచ్చిన పులిహోర, గోంగూర పచ్చడి రూములో తిన్నామని, ఖాళీ చేశాక కార్డులోంచి 60 పౌండ్లు లాగేశారు. వాసన వదిలించడానికి క్లీనింగ్ చార్జీ అట! అంటే ఆరువేల పైచిలుకు పులిహోర తిన్నామన్నమాట. కార్పెట్ కిందనుంచి కొట్టే చెమ్మ కంపు భరించినందుకు మాకెవరిస్తారు? మెయిల్ పెడితే హౌస్ రూల్స్ చదువుకోమన్నారు. కార్డు మీద డిపాజిట్ పట్టుకునే రూములు తీసుకోకండి, ఇంకో పది పౌండ్లు ఎక్కువైనా సరే కిచెన్ ఉన్నది చూసుకోండి.

టవర్ బ్రిడ్జి, మ్యూజియం, బస్సు ఎక్కడం దిగడం, అవన్నీ అందరూ రాసేవే, బాగానే జరిగాయి.

అసలు మేం వెళ్ళింది మా మేనకోడలి కోసం. యూసీఎల్‌లో, అంటే యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో, మెడిసిన్ చదువుతూ పిల్ల బోట్ క్లబ్బులో చేరింది. అక్కకి అదే మంట. అప్పు చేసి డాక్టరు చదువుకి పంపిస్తే తెల్లారకముందే లేచి తెడ్డు వెయ్యడమేంట్రా అని ఫ్లైట్లో కూడా నన్నే తిట్టింది, నేనేదో చేర్పించినట్టు.

ఆ యూనివర్సిటీకి మామూలు బోట్ క్లబ్బు ఒకటి ఉన్నా మెడికోలది వేరే. దాన్ని రమ్స్ అంటారు, రాయల్ ఫ్రీ, యూనివర్సిటీ కాలేజ్, మిడిల్‌సెక్స్ మెడికల్ స్టూడెంట్స్ అని. ఒకప్పుడు ఇవి వేర్వేరు మెడికల్ స్కూళ్ళు. యూనివర్సిటీ కాలేజ్‌లో 1987లో మిడిల్‌సెక్స్ కలిసింది, 1998లో రాయల్ ఫ్రీ కలిసింది. 1745 నాటి మిడిల్‌సెక్స్ హాస్పిటల్ని 2005లో మూసేసి తర్వాత కూలగొట్టారు, లోపలున్న చర్చి మిగిలింది, ఫిట్జ్‌రోవియా చాపెల్ అంటారు, గోడల నిండా బంగారు మొజాయిక్, చూడటానికి పైసా తీసుకోలేదు. ఇక రాయల్ ఫ్రీ వైపు స్కూలు 1874లో ఆడవాళ్ళ కోసమే పెట్టింది, మన దేశపు తొలి లేడీ డాక్టర్లలో ఒకరైన రుఖ్మాబాయి 1894లో డాక్టరయింది అక్కడ చదివే. ఈ మాట చెప్పాక అక్క కొంచెం మెత్తబడింది.

లండన్ హాస్పిటళ్ళ మెడికల్ స్కూళ్ళన్నిటిదీ ఇంచుమించు ఇదే కథ. గైస్, సెయింట్ థామస్ 1982లో కలిశాయి, 1998లో కింగ్స్ కాలేజీతో ఒకటయ్యాయి. బార్ట్స్, లండన్ హాస్పిటల్ 1995లో. సెయింట్ మేరీస్ 1988లో, చేరింగ్ క్రాస్, వెస్ట్‌మినిస్టర్ 1997లో ఇంపీరియల్ కాలేజీ కిందికొచ్చాయి. టూటింగ్‌లోని సెయింట్ జార్జెస్ మాత్రం 2024 దాకా విడిగానే ఉండి అప్పుడు సిటీ యూనివర్సిటీతో కలిసింది, హైడ్ పార్క్ మూలనున్న వాళ్ళ పాత బిల్డింగు ఇప్పుడు పెద్ద లగ్జరీ హోటల్. అందులో పులిహోర తింటే ఎంత కోస్తారో!

ఈ కాలేజీలన్నీ కలిసి ఆడే పడవ పోటీ పేరు యునైటెడ్ హాస్పిటల్స్ బంప్స్. మేం చూసింది మేలో, చిజ్విక్ దగ్గర థేమ్స్‌లో. పక్కపక్కన పోటీ కాదు, పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి గ్యాప్ ఇచ్చి నిలబడతాయి, సిగ్నల్ రాగానే ముందు పడవని తరిమి ముక్కుతో గుద్దాలి, గుద్దితే మర్నాడు వాళ్ళ స్థానం మీది. వెనకవాడు మిమ్మల్ని గుద్దకముందే మీరు ముందువాణ్ణి గుద్దాలన్నమాట. పిల్ల పడవ మా ఎదురుగా వచ్చేసరికి ఎనిమిది మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి, చివర కూర్చుని పడవకి దారి చూపించే కాక్స్ పిల్ల గొంతు పోయేలా అరుస్తోంది, వెనక పడవ ముక్కు జానెడు దూరంలో. తిట్టుకుంటూ వచ్చిన మా అక్క "గుద్దవే, ముందుదాన్ని గుద్దవే!" అని గట్టుమీద కేకలు. ఆ రోజు గుద్దించుకుంది మనవాళ్ళే, అక్క తప్పంతా కాక్స్ మీదకి తోసేసింది.

తర్వాత బోట్‌హౌస్ దగ్గర ఓ రిటైర్డ్ డాక్టరుగారు, మిడిల్‌సెక్స్ పాత విద్యార్థి, తెడ్డు వేస్తే పిల్ల ఒళ్ళు పాడవుతుందన్న అక్క భయం విని ఓ చరిత్ర చెప్పారు. 1867లో బార్ట్స్ సర్జను స్కే, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జి పడవ పోటీ కుర్రాళ్ళ ఒంటికి చేటని టైమ్స్ పేపర్‌కి ఉత్తరం రాశాడు. పెద్ద గొడవైంది. అప్పుడు మోర్గాన్ అనే మాంచెస్టర్ డాక్టరు, తనూ ఆక్స్‌ఫర్డ్‌లో తెడ్డేసినవాడే, 1829 నుంచి 1869 దాకా ఆ పోటీలో దిగిన 294 మంది ఆరోగ్యం ఏమైందో ఆరా తీసి 1873లో అచ్చేశాడు. పడవ పోటీ వల్ల ఆరోగ్యం చెడిందన్న లెక్కలోకి వచ్చింది 17 మందే. జబ్బు మనుషులు ముందే టీములోకి రారు కదా అని నాకు డౌటొచ్చింది గానీ అక్క మొహం చూసి నోరు మూసుకున్నాను.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. వాటర్లూ నుంచి చిజ్విక్‌కి రైలుంది, అక్కణ్ణుంచి నడకే. బస్సయితే మేం వెళ్ళినప్పుడు 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని మారినా అంతే. సముద్రం పోటు టెడ్డింగ్టన్ దాకా వస్తుంది కాబట్టి టైడ్ టైమింగ్ చూడకుండా గట్టుదారి పట్టకండి, బావ కొత్త బూట్లు అలాగే నానిపోయాయి, సాయంత్రమంతా మాతో మాట్లాడలేదు. చిజ్విక్‌లో తినకండి, శాండ్‌విచ్చికి ఎనిమిదిన్నర తీసుకున్నారు. యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌కి రండి, వరసగా మన వెజ్ హోటళ్ళే, నలుగురం దోసెలు, భేల్ పూరీ తిని టీ తాగితే 41 పౌండ్లు, సాంబారు మళ్ళీ అడిగినా పోశారు.